పల్లపు చేను

మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటియు 7029 రకాన్ని మనం స్వర్ణ అంటాం. వశిష్ట, మసూరి రకాలను కలిపి తీసిన ఆ వరి గోదావరి జిల్లాల్లోనే ఆగిపోలేదు. ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా పాకింది. ఎరువు కాస్త తగ్గినా పండుతుంది, చిన్నరైతుకు అన్నం పెడుతుంది. దానికి ఉన్న గండం నీళ్లు. నాట్లు పడిన కొత్తలో వారం పది రోజులు నిండా మునిగిందంటే ఇక లేవదు. డెల్టాలో పుట్టి, డెల్టా వరదకే తట్టుకోలేని వరి అది.

2024 జులైలో ఎర్రకాలువ పొంగినప్పుడు నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు చేలు చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏది నారుమడో, ఏది నాటిన చేనో తెలియకుండా కంటికి ఆనినంత మేరా నీళ్లే. నీళ్లు తీశాక మళ్లీ నారు కోసం ఊళ్లు తిరగడం, మళ్లీ దమ్ము, మళ్లీ నాటు కూలి. ఒకే పంటకు రెండుసార్లు పెట్టుబడి.

ఆ వరద చూశాకే రాజమండ్రిలో ఒక కాలేజీలో బయోటెక్నాలజీ చదివే ఐదుగురు పిల్లలు అంతకుముందు అనుకున్న ప్రాజెక్టు పక్కన పెట్టి కొత్తది ఎత్తుకున్నారు. వాళ్ల గైడు నాకు పాత స్నేహితుడు. ఊళ్లలో చెప్పడానికి తేలిక తెలుగులో పోస్టర్లు రాసిపెట్టమని నన్ను అడిగాడు. అలా నేను వాళ్లలో కలిశాను. రిటైరైన మాస్టారికి ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

వాళ్లు ఎంచుకున్న జన్యువు పేరు సబ్1ఎ. దాని కథ మన పొరుగునే మొదలైంది. ఒడిశా పల్లపు చేలలో రైతులు తరతరాలుగా వేసుకుంటున్న ఒక నాటు వరి వరదకు తట్టుకుంటుందని గమనించి, అందులోంచి ఎఫ్ఆర్ 13ఎ అనే రకాన్ని ఏరి స్థిరపరిచారు. అది బతుకుతుంది గానీ పెద్దగా పండదు. ఆ తట్టుకునే గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని 1996లో డేవిడ్ మ్యాకిల్, కెనాంగ్ షూ పట్టుకున్నారు. సరిగ్గా ఏ జన్యువో వేరుచేసి, క్లోన్ చేసి, దాన్ని వరదకు లొంగిపోయే వరిలో పెట్టి నిరూపించింది 2006లో. పమేలా రొనాల్డ్ బృందం కూడా అందులో ఉంది. ఆలోగానే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు మన స్వర్ణనే తీసుకుని, మామూలు సంకరంతో, ప్రతి తరంలోనూ డీఎన్ఏ పరీక్షతో సరైన మొక్కలను ఏరుకుంటూ ఆ గుణాన్ని అందులోకి ఎక్కించారు. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. మారుటేరులో పుట్టిన పిల్ల ఒడిశా నగతో తిరిగొచ్చింది.

పిల్లలు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ఆ స్వర్ణ సబ్1 ఆకులోంచి డీఎన్ఏ తీసి, సబ్1ఎ ముక్కను పీసీఆర్‌లో పెంచి, ప్లాస్మిడ్‌లో అతికించి, ఈ కొలై బాక్టీరియాలోకి ఎక్కించడమే వాళ్ల లాబు పని. చదువుతుంటే నాలుగు మాటలే. చేస్తుంటే నెలలు పట్టింది. బాక్టీరియాను మంచులో ఉంచి, 42 డిగ్రీల వేడిలో ముప్పావు నిమిషం పెట్టి, మళ్లీ మంచులో దించాలి. కాలేజీలో ఐసు యంత్రం పనిచేయదు. ఆ ఐదుగురిలో నరసాపురం కుర్రాడు రొయ్యల ఐసు ఫ్యాక్టరీ నుంచి థర్మాకోల్ పెట్టెలో ఐసు మోసుకొచ్చేవాడు. పెట్టెకు ఎంత కడిగినా రొయ్యల వాసన పోలేదు. లాబులో ఆ వాసన వచ్చిందంటే ఈరోజు ప్రయోగం ఉందని మిగతా క్లాసంతటికీ తెలిసిపోయేది.

ఒకరోజు పొద్దున్నే నాకు ఫోను. వెళ్లి చూశాను. గాజు పళ్లెంలో ఆవగింజలంత నీలం చుక్కలు, వాటి మధ్యన అక్కడక్కడ తెల్లచుక్కలు. నీలం చుక్కల్లో ఖాళీ ప్లాస్మిడ్ ఉన్నట్టు. తెల్లచుక్కల్లో మనం అతికించిన ముక్క ఉన్నట్టు. అంతకుముందు అన్నిసార్లూ పళ్లెమంతా నీలమే వచ్చింది. వాళ్లలో ఒకతైన రాజోలు అమ్మాయి ఆ తెల్లచుక్కల్ని చూపుడువేలు గాలిలో ఆడిస్తూ లెక్కపెడుతోంది గానీ, కళ్లనిండా నీళ్లుండి లెక్క కుదరడం లేదు.

"పుస్తకంలో ఉన్నదేగా అమ్మా, అంత కష్టం ఎందుకు పెట్టుకున్నావు?" అనడిగాను.

"మన చేత్తో పట్టుకుని చూడకపోతే ఊళ్లో చెప్పడానికి నోరు రాదండి మాస్టారూ" అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. అమెరికాలో ఎంఐటీలో 2003లో చిన్న కోర్సుగా మొదలై ప్రపంచ పోటీగా ఎదిగిన ఐజెమ్ అనేది ఒకటుంది. విద్యార్థులు జన్యువులతో ఏదో ఒకటి తయారుచేసి తెస్తారు. తయారుచేస్తే సరిపోదు, ఆ పని ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది జనం దగ్గరకెళ్లి కనుక్కుని రావాలి. లక్షల్లో ఉండే ఫీజు కట్టి ఆ పోటీకి వెళ్లే స్తోమత మా పిల్లలకు లేదు. ఆ పద్ధతి మాత్రం తీసుకున్నారు.

ఎర్రకాలువ కింద ఒక ఊరు ఎంచుకున్నారు. పేరు రాయను, అక్కడే బతకాల్సినవాళ్లున్నారు.

లాబులో పెంచిన బాక్టీరియాను గేటు దాటించకూడదు. జీవభద్రత నిబంధనలు ఒప్పుకోవు, పని అయ్యాక ఆటోక్లేవులో చంపెయ్యాలి. కాబట్టి ఊరికి ఫొటోలే తీసుకెళ్లారు. ఫొటో చూసి ఎవరు నమ్ముతారు? అందుకని అసలు వరినే చూపిద్దామనుకున్నారు. కడియం నర్సరీ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుండీల్లో సగం స్వర్ణ, సగం స్వర్ణ సబ్1 పోశారు. నారు నెల రోజులదయ్యాక రెండు పెద్ద నీలం డ్రమ్ముల్లో మూడడుగుల నీళ్ల కింద ముంచాలి. 14 రోజులు ముంచి పైకి తియ్యాలి. 2025 మే నెల ఎండలు. నీడ కావాలి, నీళ్లు కావాలి, పిల్లా మేకా డ్రమ్ములు తన్నకుండా చూసే మనిషి కావాలి.

ఇవన్నీ ఇచ్చినాయన ఆ ఊరి కామందు ఒకాయన. కళ్లం పక్కన పాక ఖాళీచేయించాడు. తన బోరు నుంచి గొట్టం లాగించాడు. నిజంగా పెద్దమనిషి. ఎండన పడి వచ్చారని పిల్లలకు రోజూ మజ్జిగ పంపించేవాడు. ఆయనకు ఊళ్లో పదిహేనెకరాల దాకా ఉంది, అంతా కౌలుకిచ్చేశాడు. డెల్టాలో ఇది కొత్త సంగతి కాదు. చేలో దిగేది ఒకరు, పాసుపుస్తకం ఒకరిది.

మొదటిరోజు మీటింగుకు జనం బాగానే వచ్చారు. రాజోలు అమ్మాయి లేచి చెప్పింది. మామూలు వరి మునగ్గానే గాలి కోసం పైకి సాగుతుంది. సాగడానికి ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టేస్తుంది. నీళ్లు తీసేసరికి లోపల ఏమీ మిగలదు. వాలి కుళ్లిపోతుంది. సబ్1ఎ ఉన్న వరి సాగదు. ఎదుగుదల ఆపుకుని, ఉన్నది పొదుపుగా వాడుకుని, నీళ్లు తీశాక మళ్లీ చిగురేస్తుంది.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. పుట్టిల్లు లంకల్లో, ఈ ఊరు అత్తిల్లు. 1986 ఆగస్టులో గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో పొంగిన ఏడు ఆవిడ చిన్నపిల్ల.

"తెలిసిందమ్మా. మా అమ్మ కూడా అంతే చేసింది. అటకెక్కి కూకుని, ఉన్న నూకలు రోజుకో గుప్పెడు కాసి పోసింది. ఒక్కరోజే వండేసుంటే చచ్చిపోదుం" అంది.

పిల్లలు పుస్తకంలో రాసుకున్నారు. నేను పోస్టరులో రాసిన నాలుగు పేరాల కంటే ఆ మాట నయం.

ఆవిడ ఊరుకోలేదు. "బురద నీళ్లయినా బతుకుద్దా? మడ్డి పట్టేస్తది కదా ఆకు?" అంది. బురద నీళ్లలో బతికే రోజులు కొంత తగ్గుతాయని చెప్పారు. "ఈనిక మీద మునిగితేనో? కార్తీకం తుపాన్లో కోత చేను పడిపోతేనో?" అంది. అమ్మాయి దాచకుండా చెప్పింది, ఇది పిలక దశలో వచ్చే వరదకే పనికొస్తుందని, గింజ పాలు పోసుకున్నాక మునిగితే ఇది కూడా కాపాడదని. "అంటే సగం ధైర్యమన్నమాట. సగమైనా మంచిదే, మాది పల్లపు చేను" అంది ఆవిడ. "ఎకరన్నర చేస్తన్నానండి. ఏడాది మార్చి ఏడాది మునిగిపోద్ది. అందుకే మా కామందుగారు సార్వా మక్తా ఎకరానికి ఎనిమిది బస్తాలే పుచ్చుకుంటారు. మెరక చేలకి పన్నెండు."

కామందు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. నవ్వుతూ తలూపాడు.

ఇది బీటీ పత్తి లాంటిదేనా అని ఎవరో అడిగారు. కాదని, సంకరంతో తీసిందేనని, ఆ జన్యువు క్రోమోజోములో ఎక్కడుందో పట్టుకోబట్టే ఏ మొక్కలో ఆ గుణం ఉందో నారు దశలోనే తెలిసిందని నరసాపురం కుర్రాడు వివరించాడు. ఆ నెల మొదట్లోనే కేంద్రం జన్యుసవరణ చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. ఒకటి బాపట్ల బీపీటీ 5204 మీద చేసింది, రెండోది మారుటేరులోనే పుట్టిన ఎంటియు 1010 మీద. ఎంటియు 1010 అంటే మనం కాటన్‌దొర సన్నాలు అనేది. అది విని జనం ముఖాల్లో వచ్చిన వెలుగు చూడాలి. తమ చేలో గింజ గురించి ఢిల్లీలో మాట్లాడుకుంటున్నారంటే గర్వం ఎవరికి ఉండదు?

కామందు అడిగిన ప్రశ్నలు అందరికంటే పదునుగా ఉన్నాయి. మునిగినా దిగుబడి తగ్గదా? మునగని ఏడు స్వర్ణంత పండుతుందా? విత్తనం ఏటా కొనాలా, దాచుకోవచ్చా? పల్లపు చేలన్నిటికీ పనికొస్తుందా? పిల్లలు ఒక్కొక్కదానికి ఓపికగా చెప్పారు. మునగని ఏడు స్వర్ణతో సమానంగా పండుతుంది. ముంపు వస్తే కొంత తగ్గినా స్వర్ణ కంటే ఎక్కువే మిగులుతుంది. విత్తనం దాచుకోవచ్చు. ఆయన చిన్న డైరీలో రాసుకున్నాడు. ఇలాంటి శ్రోత ఊరికొకడుంటే చాలునని పిల్లలు తిరుగు ప్రయాణంలో అనుకున్నారు.

కుండీలు నీళ్లలోంచి తీసిన రోజు స్వర్ణ కుండీల నుంచి మురుగు కంపు కొట్టింది. ఆకులు చేత్తో పడితే జారిపోయాయి. సబ్1 కుండీలు కూడా పాలిపోయి, బురదపట్టి, చూడటానికి ఏమంత గొప్పగా లేవు. "రెండూ పోయాయి" అన్నాడు ఒక కుర్రాడు. పది పన్నెండు రోజులు ఆగమన్నారు మా పిల్లలు.

ఆగారు. ఆ రోజు నేను కూడా వెళ్లాను. స్వర్ణ కుండీల్లో ఎండిన బురద. సబ్1 కుండీల్లో, పండుటాకుల మొదళ్లలోంచి, చిలకపచ్చగా కొత్త ఆకులు జానెడు లేచి ఉన్నాయి. ఆవిడ కింద గొంతుకూర్చుని ఒక మొక్క మొదలు రెండు వేళ్లతో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. ఇంకో కుండీ నొక్కింది. అన్నీ నొక్కి చూసింది.

కామందు చప్పట్లు కొట్టాడు. "ఇన్నాళ్లకు మంచి కబురు తెచ్చార్రా అబ్బాయిలూ! ఇక మన ఊళ్లో పల్లం, మెరక అని తేడా ఉండదన్నమాట" అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నం భోజనాలు ఆయనింట్లోనే. గుమ్మడికాయ దప్పళం, కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు. డ్రమ్ములు ట్రాలీ ఆటో ఎక్కించి పంపించాడు. పిల్లలు తమ నివేదికకు ఆయన మాటనే శీర్షికగా పెట్టారు: పల్లం, మెరక తేడా లేదు.

రాజోలు అమ్మాయి ఈ ప్రాజెక్టులోకి రావడానికి ఒక కారణముంది. ఒడిశాలో స్వర్ణ సబ్1 వేసిన ఊళ్లలో ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. వరద తరచుగా వచ్చే పల్లపు భూములు ఎక్కువగా ఉన్నది షెడ్యూల్డు కులాల రైతుల చేతుల్లోనే కాబట్టి, ఈ విత్తనం మేలు వాళ్లకే ఎక్కువ అందుతుందని అందులో తేలింది. ఆ కాగితం ఆ పిల్ల సంచీలో ఎప్పుడూ ఉండేది. అందరికీ ఒకేలా పనికొచ్చేవి చాలా ఉన్నాయి మాస్టారూ, కిందనున్నవాళ్లకు ముందు పనికొచ్చేది ఇదొక్కటి కనిపించింది అనేది.

జూన్‌లో, నారుమళ్లు పోసే ముందు, మళ్లీ వెళ్లాం. గైడు ఎలాగో తిరిగి ధ్రువీకరించిన విత్తనం కొద్దిగా సంపాదించాడు. పల్లంలో చేసే ఇద్దరు ముగ్గురికైనా ఇచ్చి, ఒక సీజను చూసి, ఫలితం రాసుకుందామని. వెంట ఒక ప్రశ్నల కాగితం. పేరు, ఎన్ని ఎకరాలు, ఏ రకం, పోయిన వరదలో ఎంత నష్టం. సొంతమా, కౌలా అన్న గడి అచ్చులో లేదు. రాజోలు అమ్మాయి ప్రతి కాగితం మీద పెన్నుతో గీసి చేర్చింది.

ఆవిడ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. విత్తనం సంచీ విప్పి చూపించారు. గుప్పెట్లోకి తీసుకుని, ఊది, రెండు గింజలు పళ్ల మధ్య నొక్కి చూసింది.

"ఇయ్యండమ్మా, ఎకరన్నరకీ సరిపడా ఇయ్యండి. ఈ ఏడు ఇదే ఎయ్యాలి. ఇంకోటేస్తే గిట్టదు" అంది.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. కాగితంలో రైతు అంగీకారం అన్నచోట టిక్కు పెట్టింది. సొంతమా, కౌలా దగ్గర కౌలు అని రాసింది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి కదా, కౌలు కార్డు ఉందా అని అడిగింది. యజమాని సంతకం కావాలంట కదమ్మా, మేమెక్కడ అడగ్గలం అంది ఆవిడ. లేదు అని రాసింది.

ఇక చివరి ప్రశ్న మిగిలింది.

"ఈ రకమే వెయ్యాలని ఎందుకనుకున్నారు పిన్నీ?"

ఆవిడ సంచీ మూతి తాడుతో బిగించి కడుతోంది.

"మీరు డ్రమ్ములు పట్టుకెళ్లిన మర్నాడే కామందుగారు కబురెట్టారమ్మా. ఇక నీది పల్లపు చేనెలాగవుద్దే, ఆ పిల్లలే ఊరందరి ముందూ చూపించారు కదా అన్నారు. ఈ సార్వా నుంచి నాక్కూడా పన్నెండు బస్తాలే."